ఎనిమిదో చెయ్యి

భూమయ్య మనిషి రుస్తాఖ్‌లో ఉంటాడు, కాపురం ఫోన్‌లో ఉంటుంది. అంతవరకైతే వింతేముంది, గల్ఫ్‌కొచ్చిన ప్రతివాడి బతుకూ అంతే. భూమయ్య సంగతి వేరు. అతను ఫోన్‌లో ఏకంగా ఊరినే ఏలుతున్నాడు.

డ్యూటీ దిగి, స్నానమైనా చెయ్యకుండా, షట్టరింగ్ నూనె అంటిన చేతులతోనే రూమ్ వెనక్కి వెళ్ళి, నీళ్ళ ట్యాంకు నీడలో బకెట్ బోర్లించుకుని కూర్చుని చెవిలో ఇయర్‌ఫోన్ దోపాడంటే నర్సక్కపేట గ్రామపంచాయతీ మొదలైనట్టే. ఏ గల్లీలో వీధిలైటు వెలగలేదు, చెత్త ట్రాక్టర్ ఎవరి ఇంటిముందు ఆగలేదు, మురుగు మోరీ తీసేవాళ్ళు ఎన్ని గంటలకు వచ్చి ఎన్ని గంటలకు పోయారు, అన్నీ అతనికి కావాలి. కరెంటు లైన్‌మన్ నంబరు, బోరు మెకానిక్ నంబరు, మండలాఫీసు అటెండర్ నంబరు నోటికి వచ్చు. ఇక్కడ క్యాంపు బాత్‌రూమ్‌లో కుళాయి కారుతూ నెలైంది, దాని మొహం చూసిన పాపాన పోలేదు.

"కూట్లె రాయి తియ్యనోడు ఏట్లె రాయి తీస్తడట," అంటాడు అదే రూమ్‌లో ఉండే అంజి, సబ్బు పట్టుకుని అటుగా పోతూ. "ఏం సర్పంచ్ సాబ్, ఊరు సల్లగున్నదా?"

"ఉపసర్పంచ్," అని సవరిస్తాడు భూమయ్య.

నిజం మాట్లాడుకుంటే అతను ఉపసర్పంచ్ కూడా కాదు. ఉపసర్పంచ్ అతని భార్య యాదవ్వ. మూడో వార్డులో గెలిచింది ఆమె, ప్రమాణం చేసింది ఆమె, చెక్కుల మీద సర్పంచ్ పక్కన రెండో సంతకం ఆమెది. ఆ మాట ఎవరైనా గుర్తుచేస్తే భూమయ్య ఏమీ నొచ్చుకోడు. "ఇద్దరం ఒకటే గదా," అంటాడు. మనస్ఫూర్తిగానే అంటాడు.

ఆ బుధవారం సాయంత్రం మొదటి ఫోన్ దేవయ్య చేశాడు. దేవయ్య ఊళ్ళో ఐదో వార్డు మెంబరు, భూమయ్యకు కుడిభుజం.

"అన్నా, కొంప మునిగింది. అవిశ్వాసం వెట్టిండ్రు."

"ఎవని మీద?"

"నీ మీదనే." కాస్త ఆగి, "అంటే, వదిన మీద," అన్నాడు దేవయ్య.

భూమయ్య బకెట్ మీంచి లేచి నిలబడ్డాడు. దేవయ్య గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. సర్పంచ్ గంగాప్రసాద్ వెనకుండి ఆడించాడట. ఆరో వార్డు మెంబరు నవీన కాగితం పట్టుకుని ఇంటింటికీ తిరిగిందట. సర్పంచ్‌తో కలిపి పన్నెండు మంది మెంబర్లలో ఏడుగురు సంతకాలు పెట్టి ఆర్డీవో ఆఫీసులో ఇచ్చారట. ఆర్డీవో అందరికీ నోటీసులు పంపింది. సోమవారం పొద్దున పదకొండింటికి పంచాయతీ ఆఫీసులో ప్రత్యేక సమావేశం.

"నోటీసు నీకెప్పుడొచ్చింది?"

"నేను బొంబాయి వొయ్యున్నగదా అన్నా, ఇయ్యాల్నే ఇంటికొచ్చి చూసిన. మిగిలినోళ్ళకు ఎప్పుడో వచ్చిందట. వదిన గూడ సంతకం వెట్టి తీసుకున్నదట. నీకు చెప్పలేదా?"

భూమయ్య ఇయర్‌ఫోన్ తీసి మళ్ళీ చెవిలో దోపుకున్నాడు. తర్వాత, "భయపడ్డది పాపం," అన్నాడు.

యాదవ్వకు ఫోన్ కలిపితే ముందు కత్తెర చప్పుడు వినిపించింది. తునికాకు కత్తిరిస్తోంది. పగలంతా బీడీలు చుట్టే మనిషికి సాయంత్రం రేపటి ఆకు సిద్ధం చేసుకోవాలి. ఫోన్ పక్కన స్పీకర్లో పెట్టుకుని, రేకు ముక్క కొలత ఆకు మీద ఆనించి, చుట్టూ కత్తెర తిప్పుతూ మాట్లాడటం ఆమెకు అలవాటు. భూమయ్యకు ఆ చప్పుడు విననిదే పొద్దు గడవదు.

"నోటీసు వస్తే చెప్పవా నాకు?"

"చెప్తే పరేషాన్ అయితవని చెప్పలే."

"ఇప్పుడు గాలేదా పరేషాన్? ఏం రాసిండ్రు అండ్ల?"

కత్తెర ఆగలేదు. "మోటరు కాలినప్పుడు నేను చెక్కు మీద సంతకం వెట్టకపోతే ఊరంత ఎండిందని రాసిండ్రు. మీటింగుల నేను మాట్లాడనట, నా ఫోన్ మాట్లాడుతదట. గట్ల రాసిండ్రు."

"లుచ్చాగాళ్ళు."

"అబద్ధం రాయలే గదా," అంది యాదవ్వ.

మోటరు సంగతి భూమయ్యకు గుర్తుండకేం. ఎండాకాలం నడిమధ్య ఊరి బోరు మోటరు కాలింది. రిపేరు చెక్కు పట్టుకుని గంగాప్రసాద్ ఇంటికొచ్చాడు. యాదవ్వ ఫోన్ చేసింది, చేసింది, చేస్తూనే ఉంది. భూమయ్య స్లాబ్ పని మీదున్నాడు, ఫోన్ సంచిలో ఉంది. సాయంత్రం ఎత్తి, "ఆగు, సంతకం వెట్టకు, వైండింగ్‌కు గంత బిల్లేంది, వాడు తింటుండు, నేను జగిత్యాలల కనుక్కుంట," అన్నాడు. అతను కనుక్కునేసరికి నాలుగు రోజులు పట్టింది. బిల్లు సరైనదేనని తేలింది. ఈలోగా ఆడవాళ్ళు ఖాళీ బిందెలు తెచ్చి యాదవ్వ వాకిట్లో వరసగా బోర్లించి పోయారు. తిట్టలేదు, కొట్టలేదు. ఆ బిందెల మధ్య దారి చేసుకుంటూ యాదవ్వ బీడీల గంప ఎత్తుకుని కార్ఖానాకు పోయింది.

ఊరి సొమ్ము కాపాడానని భూమయ్య ఇప్పటికీ అనుకుంటాడు. అందులో తప్పెక్కడుందో అతనికి అర్థం కాదు.

"నువ్వేం ఫికర్ చెయ్యకు. నేనున్న గదా."

"ఒక్క మాట చెప్త, ఇంటవా?"

"ముందు నేను చెప్పేది ఇను. ఎవడొచ్చి ఏమడిగినా నోరు తెరవకు. నేను రామ్మోహన్ సారును కలుస్త. కానూన్ ఏమున్నదో ముందుగాల ఎరుక గావాలె."

"సరే," అంది యాదవ్వ. మళ్ళీ కత్తెర చప్పుడు.

•

రామ్మోహన్ కంపెనీ మెయిన్ ఆఫీసులో కాంట్రాక్టులు చూసే పెద్దమనిషి. కాకినాడ వైపు ఆయన. భార్య ఉదయశ్రీ అక్కడే ఇండియన్ స్కూల్లో టీచరు. రాజధాని వైపు అల్ మవాలేలో ఇల్లు. ఎప్పుడో సైట్ చూడ్డానికి వచ్చినప్పుడు ఆయన కారు చక్రం ఇసుకలో కూరుకుపోతే భూమయ్య పలకలు వేసి లాగించాడు. ఆ పరిచయం పట్టుకుని శుక్రవారం పొద్దున్నే ఒక ఖర్జూరాల పికప్‌లో వెనక కూర్చుని బయల్దేరాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. దారిపొడవునా దుమ్ము కొట్టి అది కాస్తా మట్టిరంగుకు తిరిగింది.

రామ్మోహన్ సోఫాలో కూర్చోమన్నాడు. భూమయ్య చొక్కా చూసుకుని ప్లాస్టిక్ కుర్చీ లాక్కున్నాడు. సంగతంతా విని రామ్మోహన్ కళ్ళజోడు పెట్టుకుని ఫోన్‌లో పంచాయతీరాజ్ చట్టం వెతికి, తెలుగులో ఉన్నది దొరికించుకుని, వేలితో పైకి తోస్తూ చదివాడు. ఆయనకు ఇలాంటివి చదవడం ఇష్టమని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"చూడు భూమయ్యా. నోటీసు మీద సగంమంది సంతకాలుండాలి, ఉన్నాయి. గడువిచ్చి సమావేశం పిలవాలి, పిలిచారు. సర్పంచ్ అధ్యక్షత వహించకూడదు, ఆర్డీవో వచ్చి కూర్చుంటుంది. తీర్మానం చదువుతారు, చేతులెత్తమంటారు, లెక్కపెడతారు. అంతే. ఎక్కడా లొసుగు లేదు. ఎవరో తెలిసినవాళ్ళే రాయించారు."

"మరి విచారణ సారూ?"

"విచారణ ఏముంటుంది?"

"మా తప్పున్నదా లేదా అని చూడరా? సాక్షుల్ని పిలువరా? ఆ బిల్లు సంగతి నేను చెప్పుకోవద్దా? ఊరి సొమ్ము కోసమే గదా సారూ నేను ఆపింది."

రామ్మోహన్ కళ్ళజోడు తీశాడు. "ఒక జడ్జిని దించాలనుకో, అప్పుడు విచారణ ఉంటుంది. ఫలానా నేరం అని ముందు రాయాలి. కమిటీ వేస్తారు, సాక్షుల్ని పిలుస్తారు, ఆయన తరఫున వకీలు మాట్లాడతాడు. పార్లమెంటు రెండు సభల్లోనూ నెగ్గాలి. అమెరికావాళ్ళు ప్రెసిడెంటుని దించాలన్నా అంతే, అక్కడ సెనేటర్లు ప్రమాణం చేసి మరీ కూర్చుంటారు. అది అభిశంసన. ఇది అవిశ్వాసం. ఇక్కడ నువ్వు తప్పు చేశావని ఎవరూ రుజువు చెయ్యక్కర్లేదు. మాకు నమ్మకం పోయింది అంటే చాలు."

"తప్పు తేల్చకుంటనే తీసేస్తరా?"

"తీసేస్తారు."

"ఇదేం నాయం సారూ?" అన్నాడు భూమయ్య. దొంగతనం చేశావంటే కాదని వాదించొచ్చు. నమ్మకం లేదంటే ఏం వాదిస్తాడు? ఎవరితో వాదిస్తాడు? సముద్రానికి ఇవతల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని.

ఉదయశ్రీ టీ తెచ్చి ఇచ్చింది. ఆవిడ వంటింట్లోంచే అంతా వింటోంది. "ఇంతకీ మీ ఆవిడేమంటున్నారు భూమయ్యగారూ?"

"దేని గురించి మేడమ్?"

"అదే, ఈ పదవి సంగతి. ఆవిడకి ఉండాలనుందా, పోతే పోనీ అనుందా?"

భూమయ్య టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. ఆ ప్రశ్న అతనికి ఏ రోజూ తట్టలేదు. "ఉండాలెననే ఉంటది గద మేడమ్. ఎవలకుండది?" అన్నాడు చివరికి.

"సరే, లెక్క చూద్దాం," అన్నాడు రామ్మోహన్. "పన్నెండు మందిలో మూడింట రెండొంతులు. అంటే ఎనిమిది చేతులు లేవాలి. వాళ్ళకి?"

"ఏడు."

"మీకు?"

భూమయ్య వేళ్ళు మడిచాడు. "దేవయ్య, ఇంకా ముగ్గురు. పక్కా మనోళ్ళే. వాళ్ళను మీటింగుకే పోనియ్య. పోతే కదా సారూ ఎవడన్నా గుంజేది. ఈ నాలుగు రోజులు నిజామాబాదుల మా బామ్మర్ది ఇంట్ల వెడుత."

"క్యాంపు అన్నమాట," అని నవ్వాడు రామ్మోహన్. "ఏడు ఏడుగానే ఉంటుంది. తీర్మానం వీగిపోతుంది. గండం గడిచినట్టే పో."

"మరి మీ ఆవిడ?" అంది ఉదయశ్రీ. "ఆవిడ వెళ్తారా మీటింగుకి?"

"పోవాలె మేడమ్. పోకపోతే భయపడ్డదంటరు. పైగా లోపలికి ఫోన్లు తేనియ్యరట, ఆర్డీవో మేడమ్ బాగ స్ట్రిక్ట్ అట. ఎవడెవడు చెయ్యెత్తిండో చూసి నాకు చెప్పేటందుకు ఒక మనిషి గావాలె గద."

"చూడ్డానికా," అంది ఉదయశ్రీ. ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

•

శని, ఆదివారాలు భూమయ్య చేతిలో ఫోన్ సలసల కాగింది. నలుగురు మెంబర్లనూ బస్సెక్కించడానికి తల ప్రాణం తోకకొచ్చింది. ఒకడు వరికోత మిషన్ వస్తుందన్నాడు, ఒకామె మనవరాలికి జ్వరమంది. అందరినీ బతిమాలాడు, బావా అన్నాడు, అక్కా అన్నాడు, ఆఖరికి ఒట్టు పెట్టించాడు. ఆదివారం మధ్యాహ్నానికి నలుగురూ నిజామాబాదులో విస్తళ్ళ ముందు కూర్చున్న ఫోటో వచ్చింది. దేవయ్య కోడికాలు చేత్తో ఎత్తిపట్టుకుని నవ్వుతున్నాడు. ఆ ఫోటో అంజికి చూపిస్తే, "నీకు సర్పంచ్ గిరి చాలదన్నా, ఎమ్మెల్యే గావాలె," అన్నాడు అంజి. చాలా రోజుల తర్వాత భూమయ్య కడుపునిండా అన్నం తిన్నాడు.

సాయంత్రం యాదవ్వకు పాఠం చెప్పాడు.

"పోతవ్. దండం వెడుతవ్. కూసుంటవ్. ఎత్తినోళ్ళ మొఖాలు గుర్తువెట్టుకుంటవ్. అయిపోంగనే బయటికొచ్చి నాకు ఫోన్ చేస్తవ్."

"ఆ మేడమ్ నన్నేమన్న అడిగితే?"

"ఏమడుగుతది?"

"ఏమన్న చెప్పుకుంటవా అని అడిగితే?"

"ఏం లేదను."

"ఏం లేదా?"

"మా ఇంటాయనను అడిగి చెప్తనను."

యాదవ్వ నవ్వింది. చిన్నగా, ముక్కుతో. "లోపలికి ఫోన్ తేనియ్యరు గదా."

"గందుకే, ఏం లేదను," అన్నాడు భూమయ్య, కొంచెం చిరాగ్గా. "నోట్లె నాలికె లేనిదానివి. నాకే బుగులైతాంది, నువ్వెట్ల కూసుంటవో ఏమో అక్కడ ఒక్కదానివి."

అవతల కత్తెర చప్పుడు ఆగింది. ఆకు అయిపోయిందేమోననుకున్నాడు.

"సరే. పొద్దుగాల లేవాలె. పంటున్న," అంది యాదవ్వ.

•

సోమవారమే స్లాబ్ పోత పడింది.

రెండు వారాలుగా వాయిదా పడుతూ వస్తున్నదానికి సరిగ్గా ఆ రోజే కాంక్రీటు దొరికింది. ఎండ ముదరకముందే అయిపోవాలని తెల్లవారకుండానే లేపారు. ఊళ్ళో పదకొండంటే ఇక్కడ తొమ్మిదిన్నర. ఆ వేళకు పంపు నడుస్తూ ఉంటుంది. ఫోర్‌మన్ ముర్తుజా పెషావర్‌వాడు, మంచివాడే గానీ స్లాబ్ రోజు కన్నతండ్రిని కూడా నమ్మడు.

"భూమయ్యా, మొబైల్ బంద్. థైలీ మే రఖ్. తూ నీచే." ఫోన్ సంచిలోకి పోయింది.

నీచే అంటే స్లాబు కింద. పైన కాంక్రీటు పోస్తుంటే కింద పలకల్ని మోసే ఇనుప జాకీల మధ్య ఒక షట్టరింగ్ కార్పెంటర్ నిలబడాలి. ప్లైవుడ్ ఎక్కడ ఉబ్బుతోంది, ఏ జాకీ కాలు జరుగుతోంది, ఏ సందులోంచి సిమెంటు పాలు కారుతున్నాయి, చూస్తూ ఉండాలి. చేతిలో సుత్తి, జేబులో మేకులు. లోపల చీకటి. పైన వైబ్రేటర్ రొద. బరువు పడ్డకొద్దీ కర్ర కిర్రుమంటుంది. ఆ కిర్రు మామూలుదో కాదో వినడమే పని. ఇరవయ్యేళ్ళుగా చేస్తున్నాడు. ఈ రోజు మాత్రం ప్రతి కిర్రుకూ పరుగెత్తి జాకీ పట్టి చూశాడు.

ఇప్పుడు ఆర్డీవో జీపు దిగుతుంటుంది. ఇప్పుడు లోపలికి పిలుస్తారు. ఏ మూల కూర్చుందో, గోడకు ఆనుకుని కూర్చుందో, కొంగు నెత్తిమీదికి లాక్కుని తల వంచుకుందో. నవీన నాలుక చాలా పదును. ఏమైనా అంటే? ఏడుస్తుందేమో అనుకునేసరికి భూమయ్యకే కళ్ళు చెమర్చాయి. ఒక మూల జాకీ కింది పలక కొంచెం కుంగింది. చీల కొట్టి బిగించాడు. ఇక్కడ ఏది వంగినా కొట్టి నిలబెట్టగలడు. అక్కడ ఏం జరుగుతున్నా వినడానికి కూడా లేదు.

పంపు పైపు జామై పని ఆగింది. ముర్తుజా కిందికి వంగి చూసి, అతని మొహంలో ఏం కనిపించిందో ఏమో, "దో మినిట్. జా, ఫోన్ కర్లే," అన్నాడు.

భూమయ్య కంటైనర్ దాకా పరుగెత్తాడు. యాదవ్వ నంబరు మోగి మోగి ఆగింది. దేవయ్యకు చేశాడు.

"అన్నా, పోయింది," అన్నాడు దేవయ్య.

"ఏం పోయింది?"

"నెగ్గిండ్రు. ఎనిమిది చేతులు లేచినయట. ఇప్పుడే మా తమ్ముడు ఫోన్ చేసిండు. పటాకులు గూడ కాలుస్తలేరట, అందరు సప్పుడు చెయ్యకుంట పోతుండ్రట."

"ఎనిమిది ఎక్కడిదిరా? మీ నలుగుట్ల ఎవడు జారిండు?"

"తల్లి తోడు అన్నా, నలుగురం ఈడనే ఉన్నం. చూడు కావాల్నంటే." వీడియోలో నాలుగు మొహాలు. అందరూ నిద్రమొహాలే. ఒకడింకా లుంగీలోనే ఉన్నాడు.

"మరి ఎనిమిదోడు ఎవడు?"

పంపు మళ్ళీ మొదలైంది. ముర్తుజా కేక వేశాడు. భూమయ్య ఫోన్ సంచిలో పడేసి స్లాబు కిందికి పోయాడు.

మధ్యాహ్నందాకా అక్కడే ఉన్నాడు. ఏడుగురినీ మళ్ళీ లెక్కపెట్టాడు. సంతకం పెట్టని వాళ్ళను లెక్కపెట్టాడు. ఆర్డీవో తప్పు లెక్కపెట్టిందేమో, కోర్టుకు పోవచ్చేమో, రామ్మోహన్ సారును అడగాలి. గంగాప్రసాద్ తన చెయ్యి రెండుసార్లు ఎత్తాడేమో. పన్నెండు మందినీ తిప్పి తిప్పి చూశాడు. పన్నెండో మనిషి దగ్గరికి రాగానే ప్రతిసారీ అటు చూడకుండా దాటిపోయాడు.

•

సాయంత్రం బకెట్ మీద కూర్చుని ఫోన్ చేస్తే మొదటి రింగుకే ఎత్తింది. కత్తెర చప్పుడు లేదు.

"పొద్దుగాల చేస్తే ఎత్తలేదేంది?"

"కొట్టంల ఉండి ఏడ్చిన కొంచెంసేపు."

"ఎనిమిదోడు ఎవడే?"

"నేనే."

భూమయ్యకు వినపడింది. అయినా, "ఆ?" అన్నాడు.

"నేనే ఎత్తిన," అంది యాదవ్వ. గొంతు సన్నగా ఉంది గానీ వణకడం లేదు. "ఆ మేడమ్ కాయిదం సదివింది. సదివి నా దిక్కు చూసి, అమ్మా, మీరేమన్న చెప్పుకుంటరా అన్నది. మూడేండ్లాయె, ఆ గదిల నన్ను ఒక్కలు గట్ల అడగలే. కుర్చీల కెల్లి లేచిన. ఏం లేదు అందామని నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది."

"ఏమొచ్చింది?"

"మోటరు కాలిన్నాడు తప్పు నాదే అన్న. ఊరు దూపకు ఏడుస్తుంటే నేను కలం వట్టుకొని కూసున్న అన్న. నీ పేరు తియ్యలే. ఒక్కలు గూడ తియ్యలే, అందరికీ ఎరుకే అయినా. ఆ మాట నా నోటితోని అన్నంక మేడమ్ చేతులెత్తమన్నది. ఏడు లేచినయ్. నేనింకా నిలబడే ఉన్న. నా చెయ్యి గూడ లేచింది."

"పిచ్చిదానివా నువ్వు? నలుగుర్ని నిజామాబాదుల దాచిపెడితిని! రెండు రోజులు అన్నం నీళ్ళు లేకుంట..." కోపం, సిగ్గు, ఏడుపు అన్నీ ఒక్కసారే వచ్చాయి. "నువ్వు ఊకె కూసుంటే పోయేది గదనే. ఊకె కూసుంటే."

"మూడేండ్లు ఊకెనే కూసున్న గదా."

ట్యాంకు మీంచి నీళ్ళు కారుతున్నాయి, అవతల ఎవరో తాళింపు వేస్తున్నారు.

"ఇంకో మాట," అంది యాదవ్వ. "మల్ల ఎన్నిక వెడ్తరట. నవీన బయటికొచ్చి నా చెయ్యి వట్టుకున్నది. అక్కా, నువ్వే నిలబడు, ఫోన్ ఇంట్ల వెట్టి రా, మేమే చేతులెత్తుతం అన్నది. నిలబడొచ్చునా అని మేడమ్‌ను గూడ అడిగిన. అడ్డం లేదన్నది."

"నువ్వేమన్నవ్?"

"సరే అన్న."

"నన్ను అడగకుంటనే?"

"నిన్ను అడిగితే ఫోన్ మల్ల లోపలికి పోయినట్టే గదా."

"నేనేమన్న చెడగొట్టిన్నా ఊరిని? ఒక్క రూపాయి తిన్ననా? ఇంత దూరంల రేకుల రూముల వడి, డ్యూటీ దిగంగనే బువ్వ గూడ తినకుంట..."

"ఎరుకే," అంది యాదవ్వ వెంటనే. "నీ కష్టం నాకెరుక లేదా? నీకు ఊరి మీద పాణం. చెడ్డోనివని ఎత్తలే నేను. కానీ నీకు ఫోన్ కలవకపోతే ఊరు ఆగుడేంది, నువ్వే చెప్పు?"

భూమయ్య గోళ్ళలోని సిమెంటు గీక్కున్నాడు. యాదవ్వే, "అన్నం తిను. స్లాబ్ దినం ఒళ్ళు నొస్తది, వేడినీళ్ళు పోసుకో," అని పెట్టేసింది.

అంజి సబ్బు పెట్టె పట్టుకుని వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "ఏమైందన్నా?"

"పోయింది."

"అయ్యో. ఎవడు మోసం చేసిండు?"

"మోసం ఎవలు చెయ్యలే," అన్నాడు భూమయ్య. ఆ రోజు అంజి వెక్కిరించకుండానే లేచిపోయాడు.

మళ్ళీ ఫోన్ మోగింది. దేవయ్య. బస్సు దిగి ఇంటికి పోతున్నట్టున్నాడు, రొప్పుతున్నాడు.

"అన్నా, బడి గల్లీల పైపు వలిగింది. నీళ్ళన్ని రోడ్డు మీదికెక్కినయ్. ఎవన్ని పిలువమంటవ్?"

బడి వెనక కానుగ చెట్టు పక్కన వాల్వు ఉంది. ముందు దాన్ని తిప్పి కట్టెయ్యాలి. మెకానిక్ ఈ వేళకు రాయికల్‌లో ఉంటాడు, బండి మీద పావుగంటలో వస్తాడు. భూమయ్య కళ్ళముందు ఆ గల్లీ, ఆ వాల్వు, దాని తుప్పు పట్టిన పిడి, అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. మెకానిక్ నంబరు నాలిక మీదికి వచ్చేసింది.

"అన్నా, ఇంటున్నవా? ఏం జెయ్యాలె చెప్పు."

"పోయి మీ వదినను అడుగు."

"వదిన ఇప్పుడు ఉపసర్పంచ్ గాదు గదా. నువ్వు చెప్పన్నా."

"నాకేం ఎరుకరా దేవయ్యా," అన్నాడు భూమయ్య. "నేను ఊళ్ళె లేను గదా."